బొగ్గుకు గ్రేడు, సర్వర్‌కు ఎడిషన్

బొగ్గు గనుల ఊరైన గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఒక మేడ మీది గదిలో కూర్చుని చాలా ఏళ్లు ప్రోగ్రాములు రాశాను. లారీ ఓనర్లకు ట్రిప్పుల లెక్క, వే బ్రిడ్జికి స్లిప్పు, నర్సింగ్ హోమ్‌కు బిల్లింగు, బడికి ఫీజుల పుస్తకం, గనిలో పైమట్టి తీసే ఓబీ కాంట్రాక్టర్ దగ్గర పనిచేసేవాళ్ల మస్టరు. ఇప్పుడు నా రాత తగ్గింది, అడగడానికి వచ్చే పిల్లలు పెరిగారు. వాళ్లలో చాలామంది బొగ్గుబాయి కార్మికుల పిల్లలే. తండ్రి బదిలీ వర్కర్‌గా చేరి కోల్ ఫిల్లర్‌గా దిగిపోయి ఉంటాడు. కొడుకో బిడ్డో అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని జావా నేర్చుకుని, సొంతూళ్లోనే నాలుగు పనులు పట్టుకుందామని తిరిగి వస్తారు. వాళ్లకు కోడ్ బాగా వచ్చు. బ్రౌజర్‌లో ఎవరో బటన్ నొక్కితే మన ప్రోగ్రామును నడిపి, డేటాబేస్‌ను అడిగి, జవాబు పేజీ పంపే ఆ అప్లికేషన్ సర్వర్ ఉంది చూడండి, దాన్ని కొనేటప్పుడు చేతికొచ్చే రేటు కాగితం చదవడం మాత్రం రాదు. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ అది చెప్పరు. ఆ ఒక్కటి తెలియక మంచి పనిమంతులు మొదటి కస్టమర్ దగ్గరే మాట పడుతుంటే నాకు మనసు ఒప్పడం లేదు. అందుకే రాస్తున్నాను.

1. గ్రేడుకు కొలత ఉంది, ఎడిషన్‌కు లేదు

గ్రేడు అంటే ఏమిటో మా ఊళ్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 2012 జనవరి దాకా బొగ్గుకు ఏ నుంచి జీ వరకు అక్షరాలుండేవి. తరవాత జీ1 నుంచి జీ17 దాకా అంకెలొచ్చాయి. కిలో బొగ్గు కాలిస్తే ఎన్ని కిలో కేలరీల వేడి పుడుతుందన్నదే దానికి ఆధారం, గ్రేడుకూ గ్రేడుకూ 300 తేడా. జీ9 అంటే 4,600 పైన 4,900 వరకు. జీ11 అంటే 4,000 పైన 4,300 వరకు. గనికీ కరెంటు కేంద్రానికీ మధ్య తిరిగే ఎంజీఆర్ రైల్లో రామగుండం ఎన్టీపీసీకి పోయే బొగ్గు మీద పేచీ వస్తే శాంపిల్ తీస్తారు, ల్యాబ్‌లో బాంబ్ క్యాలరీమీటర్‌లో కాలుస్తారు, అంకె బయటికొస్తుంది. అమ్మినవాడూ కొన్నవాడూ ఆ అంకె దగ్గర ఆగుతారు. ధరలో తేడా ఉందంటే సరుకులోనూ తేడా ఉందన్నమాట.

సర్వర్ ఎడిషన్ అలా కాదు. కోల్డ్‌ఫ్యూజన్ సంగతే తీసుకోండి. జె.జె. అలేర్, జెరెమీ అలేర్ అనే అన్నదమ్ముల కంపెనీ 1995లో తెచ్చిన ఈ సర్వర్‌తో వెబ్ పేజీల వెనక డేటాబేస్ పెట్టడం ఎంతో సులువైంది. 2007లో వచ్చిన 8వ వెర్షన్‌కు స్టాండర్డ్ ఎడిషన్ ధర 1,299 డాలర్లు, ఎంటర్‌ప్రైజ్ ధర 7,499 డాలర్లు. దాదాపు ఆరు రెట్లు. కానీ రెండింటికీ ఇన్‌స్టాలర్ ఒక్కటే. ఏ సీరియల్ నంబర్ కొడితే ఆ ఎడిషన్ అవుతుంది. స్టాండర్డ్‌లో పీడీఎఫ్ తయారీ లాంటి కొన్ని పనులు ఒకసారికి ఒకటే జరిగేలా వరసలో నిలబెట్టారు. ఎంటర్‌ప్రైజ్‌లో ఆ వరస లేదు. అంటే వేగంగా చేసే కోడ్ తక్కువ ధర కట్టినవాడి డిస్కులోనూ ఉంది, దాన్ని ఆపే కోడ్ కూడా పక్కనే ఉంది.

డెవలపర్లకు కోపం వచ్చేది ఇక్కడే. ఆ కోపం న్యాయమైనదనే నేనూ అంటాను. అయితే కోపంతో కొటేషన్ తయారు కాదు. ఎడిషన్ అన్నది సరుకు నాణ్యతను చెప్పే మాట కాదని, ఎవరి దగ్గర ఎంత వసూలు చేయొచ్చో చూసి అమ్మేవాళ్లు గీసిన గీత అని ముందు మనసులో పెట్టుకోండి. అప్పుడు "ఏ ఎడిషన్ మంచిది?" అని అడగరు. "నా పనికి కావలసినది గీతకు ఏ పక్కన పెట్టారు?" అని వెతుకుతారు.

2. ఉచిత డెవలపర్ ఎడిషన్‌లో కనిపించేది పెద్ద ఎడిషన్

నేర్చుకునేవాళ్లకు, రాసేవాళ్లకు చాలా కంపెనీలు డెవలపర్ ఎడిషన్ ఊరికే ఇస్తాయి. మంచి పనే, అది లేకపోతే మన పిల్లలు ఇవేవీ ముట్టుకోగలిగేవాళ్లు కాదు. కోల్డ్‌ఫ్యూజన్ డెవలపర్ ఎడిషన్‌లో ఎంటర్‌ప్రైజ్ సదుపాయాలన్నీ ఉండేవి. సొంత కంప్యూటర్ నుంచి, ఇంకో రెండు ఐపీ అడ్రసుల నుంచి మాత్రమే వాడనిచ్చేది. చిక్కు ఎక్కడంటే, మీరు ఏది తాకినా పనిచేస్తుంది. ఇది పై ఎడిషన్‌ది, ఇది కింది ఎడిషన్‌ది అని ఏ ఫంక్షన్ మీదా రాసి ఉండదు.

యైటింక్లయిన్ కాలనీ నుంచి వచ్చే ఒక కుర్రాడు రవాణా ఆఫీసుకు ప్రోగ్రాము రాశాడు. సర్వర్ ఏ కంపెనీదన్నది ఇక్కడ అవసరం లేదు. కరెంటు పోయినా లోడింగు స్లిప్పులు ఆగకూడదని రెండు మిషన్లు పెట్టి, ఒకటి పడిపోతే రెండోది అందుకునేలా చక్కగా అమర్చాడు. ఓనర్ ముచ్చటపడి కింది ఎడిషన్ కొనిచ్చాడు. ఎక్కించే రోజున తేలింది, ఒక మిషన్ పడితే లాగిన్లు రెండోదానికి మళ్లే ఏర్పాటు పై ఎడిషన్‌లోనే ఉందని. "కాకా, నా దగ్గర నెల రోజులు నడిచింది కదా" అని వచ్చి కూర్చున్నాడు. "నీ కోడ్ తప్పు కాదు బిడ్డా, కాగితం ఆఖర్న చదివావు, అంతే" అన్నాను. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని లాగిన్ వివరాలను డేటాబేస్‌లోకి మార్చేశాం. రెండు మిషన్లూ అక్కడి నుంచే చదువుకుంటాయి, సర్వర్ క్లస్టరింగ్‌తో పనిలేదు.

అందుకని రాసేది ఏ ఎడిషన్ మీదైనా సరే, కస్టమర్ కొనబోయే ఎడిషన్ ట్రయల్ తెచ్చుకుని దాని మీద వారానికోసారి నడిపి చూడండి. ఆ ఎడిషన్‌కు విడిగా ట్రయల్ లేదంటే, ఫీచర్ల పట్టిక ముద్రించి గోడకు అంటించుకోండి.

3. ధర కన్నా ముందు, దేన్ని లెక్కపెడుతున్నారో చూడండి

అన్నిటికన్నా పెద్ద పాఠం ఇదే, కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆరకిల్ కంపెనీ అమ్మే వెబ్‌లాజిక్ అనే జావా సర్వర్ రేటు కాగితంలో స్టాండర్డ్ ఎడిషన్ 10,000 డాలర్లు, ఎంటర్‌ప్రైజ్ 25,000, సూట్ 45,000. పక్కనే 'ప్రాసెసర్‌కు' అని ఉంటుంది. చూసినవాళ్లు మిషన్‌లో చిప్పు ఒకటే కదా, ఒక లైసెన్సు చాలనుకుంటారు. ఎంటర్‌ప్రైజ్‌లో లెక్క చిప్పుకు కాదు, కోర్లకు. మొత్తం కోర్లను ఒక గుణకంతో హెచ్చవేయాలి, మామూలు ఇంటెల్ చిప్పులకు అది 0.5. పదహారు కోర్ల చిప్పు ఒక్కటి ఉంటే ఎనిమిది లైసెన్సులు. ఎనిమిది పాతిక వేలు రెండు లక్షల డాలర్లు. ఆపైన సపోర్టుకు ఏటా 22 శాతం, అంటే మరో 44,000. అదే కాగితంలో స్టాండర్డ్ ఎడిషన్‌కు మాత్రం చిప్పు బిగించే సాకెట్ల లెక్క. ఒకే కంపెనీ, ఒకే కాగితం, రెండు ఎడిషన్లకు రెండు రకాల లెక్కలు. ఇవి జాబితా ధరలు, బేరంలో తగ్గుతాయి. బేరం ఎక్కడి నుంచి మొదలవుతుందో చెప్పేది మాత్రం ఈ లెక్కే.

వర్చువల్ మిషన్లు వచ్చాక చిక్కు ఇంకా ముదిరింది. పెద్ద సర్వర్‌లో నాలుగు కోర్లు పక్కకు తీసి మన ప్రోగ్రాముకు ఇచ్చాం కాబట్టి నాలుగు కోర్లకే కడతామంటే ఆరకిల్ ఒప్పుకోదు. సాఫ్ట్‌వేర్‌తో గీసిన విభజనను లైసెన్సు తగ్గించుకోవడానికి వాడకూడదని వాళ్ల పార్టిషనింగ్ పాలసీలో ఉంది. అడుగున ఉన్న మొత్తం మిషన్‌నే లెక్కలోకి తెస్తారు. పైగా వెబ్‌లాజిక్‌లో సీరియల్ నంబర్ కొట్టే పని కూడా లేదు. ఏ ఎడిషన్ కొన్నా క్లస్టరింగ్ ఆన్ చేస్తే ఆన్ అవుతుంది, ఎవరూ అడ్డుకోరు. హక్కు ఉందా లేదా అన్నది ఆడిట్ వచ్చిన రోజున కాగితం మీద తేలుతుంది. ఆపకపోవడం అనుమతి ఇచ్చినట్టు కాదు. ఈ మాట కొత్తగా సర్వర్ అడ్మిన్ పని చేసే పిల్లలకు మరీ మరీ చెబుతున్నాను.

ఇక జావా. 2023 జనవరిలో ఆరకిల్ జావా ఎస్ఈ సబ్‌స్క్రిప్షన్ లెక్కను మార్చింది. అప్పటి దాకా ప్రాసెసర్లు, వాడేవాళ్ల సంఖ్య. కొత్త లెక్కలో సంస్థలోని మొత్తం ఉద్యోగులు. జావా వాడేవాళ్లు కాదు, మొత్తం. పూర్తికాలం వాళ్లు, పార్ట్‌టైం వాళ్లు, సంస్థ లోపలి పనులకు సాయం చేసే కాంట్రాక్టు మనుషులు, అందరూ. 999 మంది వరకు తలకు నెలకు 15 డాలర్లు, సంఖ్య పెరిగే కొద్దీ తగ్గుతూ 40,000 మంది దగ్గర 5.25 డాలర్లు.

దీన్ని మన దగ్గరికి తెచ్చి చూడండి. మా సింగరేణి బొగ్గు సంస్థలో దాదాపు 40,000 మంది ఉద్యోగులు. ఈ ఉదాహరణ లెక్క కోసమే వేస్తున్నాను, సింగరేణి అలా కడుతోందని కాదు. 40,000 మంది ఉన్న గని సంస్థ ఈ పద్ధతికి సంతకం పెడితే ఏడాదికి 25 లక్షల 20 వేల డాలర్లు. 2023 నాటి మారకం రేటుతో 20 కోట్ల రూపాయలు దాటుతుంది. ఇందులో ఎవరెవరున్నారు? ల్యాంప్ రూంలో దీపం తీసుకుని నైట్ షిఫ్టుకు బాయిలోకి దిగే మనిషి ఉన్నాడు, ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ తోలేవాడున్నాడు, సపోర్టు వేసే టింబర్‌మన్ ఉన్నాడు. వాళ్లు కీబోర్డు మీద వేలు పెట్టరు. అయినా తలలు లెక్కకొస్తాయి. అరవై మంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లున్న కంపెనీకి ఈ లెక్క పెద్దగా తగలదు. చేతులతో పనిచేసే మనుషులు వేలల్లో ఉన్న సంస్థలకు, గనులకు, ఆస్పత్రులకు, ఆర్టీసీ లాంటివాటికి ఇది చాలా అన్యాయంగా పడుతుంది. తప్పించుకునే దారి లేకపోలేదు. టెమురిన్, కొరెట్టో లాంటి ఓపెన్‌జేడీకే బిల్డులు ఉచితంగా దొరుకుతాయి, మామూలు ప్రోగ్రాములన్నీ వాటి మీద నడుస్తాయి. అయితే సంస్థలో ఏ మిషన్ మీద ఏ జావా ఉందో పట్టీ రాసుకున్నవాళ్లకే ఆ దారి పనికొస్తుంది.

4. ఇవాళ అమ్మినవాడు రేపు ఉండకపోవచ్చు

అలేర్ కంపెనీని 2001లో మాక్రోమీడియా కొంది. మాక్రోమీడియాను 2005లో అడోబీ కొంది. వెబ్‌లాజిక్‌ను 1998లో బీఈఏ, బీఈఏను 2008లో ఆరకిల్ కొన్నాయి. మార్క్ ఫ్లూరీ మొదలుపెట్టిన జేబాస్ సర్వర్ 2006లో రెడ్ హ్యాట్ చేతికి, రెడ్ హ్యాట్ 2019లో ఐబీఎం చేతికి వెళ్లాయి. సన్ కంపెనీ గ్లాస్‌ఫిష్ సర్వర్ 2010లో ఆరకిల్‌కు చేరింది, దాని కొత్త వెర్షన్లకు కమర్షియల్ సపోర్టు ఇక ఉండదని 2013లో చెప్పేశారు. కోల్డ్‌ఫ్యూజన్ 2025 వెర్షన్ నుంచి ఒకసారి కట్టి ఉంచుకునే లైసెన్సు పోయి సబ్‌స్క్రిప్షన్ ఒక్కటే మిగిలింది.

వే బ్రిడ్జి ఓనర్ ఒక్కసారి కంప్యూటర్ పెట్టిస్తే పదేళ్లు కదపడు. ఆ పదేళ్లలో సర్వర్ యజమాని మారతాడు, రేటు కాగితం మారుతుంది, లెక్కపెట్టే పద్ధతీ మారుతుంది. కొటేషన్‌లో ఈ ఏటి ఖర్చు ఒక్కటే రాయకండి. ఐదేళ్ల మొత్తం రాయండి, రెన్యువల్‌కు ధర పెరిగితే ఎంతవుతుందో ఇంకో గడిలో వేయండి. పెద్ద అంకె చూసి ఓనర్ మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

5. దొంగ కాపీ ముట్టకండి

ఒకప్పుడు ఇరవై రూపాయల సీడీలో ఏదైనా దొరికేది. ఇప్పుడు క్రాక్ ఫైల్. అంత ధరలు మనం ఎక్కడ కడతాం అన్నదే అందరి వాదన. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. కేసు మీ ఒక్కరి మీదే కాదు, మిమ్మల్ని నమ్మిన ఓనర్ మీదా పడుతుంది. ధర అన్యాయమైతే ఆ సరుకు వదిలేయడానికి దారులున్నాయి, కింద చెబుతాను.

6. ముందు టామ్‌క్యాట్ చాలుతుందేమో చూడండి

సన్ కంపెనీ 1999లో అపాచీ ఫౌండేషన్‌కు ఇచ్చిన టామ్‌క్యాట్ సర్వర్‌లో ఎడిషన్లు లేవు. కోర్ల లెక్క లేదు, తలల లెక్క లేదు. రెండు మిషన్లు కలిపి నడిపే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. పెద్ద జావా సర్వర్లలో ఉండే ఈజేబీ, మెసేజ్ క్యూలు దీనిలో ఉండవు. మా ప్రాంతంలో నేను రాసినవాటిలో అవి నిజంగా కావలసి వచ్చిన పని చాలా అరుదు. లారీ లోడింగు స్లిప్పుకు సర్వ్‌లెట్, జేఎస్పీ, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చాలు. కోల్డ్‌ఫ్యూజన్ భాషలో రాసిన పాత ప్రోగ్రాము చేతికొస్తే, రైలో అనే ప్రాజెక్టు నుంచి విడివడి 2015లో వచ్చిన లూసీ సర్వర్ ఉంది. అదీ ఓపెన్‌సోర్సే. పాత ట్యాగులు చాలావరకు అలాగే నడుస్తాయి, కొన్ని మార్చుకోవాలి. సర్కారు ఆఫీసు పని అయితే కేంద్రం 2015లో తెచ్చిన ఓపెన్‌సోర్స్ విధానాన్ని గుర్తుచేయండి. ఓపెన్‌సోర్స్‌ను ముందు పరిశీలించమనే అందులో ఉంది.

డబ్బు కట్టకపోతే పని తప్పదు అన్నది మాత్రం దాచకుండా చెప్పాలి. 2020లో టామ్‌క్యాట్ ఏజేపీ పోర్టులో ఘోస్ట్‌క్యాట్ అనే లోపం బయటపడింది. 8009 పోర్టు తెరిచి ఉన్నచోట సర్వర్ లోపలి ఫైళ్లు బయటివాళ్లు చదవగలిగేవారు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడి ఉచితమా కొన్నదా అని చూడకుండా అందరినీ పరుగెత్తించింది. మీ కస్టమర్‌కు ఆ రోజుల్లో ఎవరు ఫోన్ చేశారు, ఎవరు ప్యాచ్ వేశారు? మీరే అయితే ఆ పనికి ఏటా మెయింటెనెన్స్ డబ్బు అడిగి తీసుకోండి. సాఫ్ట్‌వేర్ ఉచితం కదా అని మీ కష్టాన్ని కూడా ఉచితం చేసేస్తారు ఓనర్లు. మొహమాటపడి మన పిల్లలు ఒప్పుకుంటారు. నాలుగేళ్లు ప్యాచ్ లేకుండా ఆ సర్వర్ అక్కడే మూలుగుతుంది.

7. డబ్బు కట్టాల్సిన చోట కట్టించండి

అమ్మేవాళ్లంతా దోచుకునేవాళ్లని నేను అనను. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే అవతల మనిషి ఫోన్ ఎత్తి తీరాలన్న చోట, వేల మంది జీతాలు ఒకే రాత్రి లెక్క కట్టాల్సిన చోట, బ్యాంకుల్లో, కరెంటు కేంద్రాల్లో సపోర్టుకు డబ్బు పెట్టడం తెలివైన పని. నా అభ్యంతరం ధర ఎక్కువని కాదు. చిన్నవాడికీ పెద్దవాడికీ మధ్య ఏమీ ఉంచకపోవడం మీద. 2007లో డాలర్ దాదాపు 40 రూపాయలు. కోల్డ్‌ఫ్యూజన్ స్టాండర్డ్ 50 వేల పైచిలుకు, ఎంటర్‌ప్రైజ్ 3 లక్షలు. మధ్యలో మెట్టు లేదు. మన దుకాణాల్లో ట్యాలీ చూడండి, సిల్వర్ అంటే ఒక్కరు వాడేది, గోల్డ్ అంటే ఒకే ఆఫీసులో నలుగురూ వాడేది. కిరాణా కొట్టు గుమాస్తాకు కూడా తేడా ఒక్క మాటలో అర్థమవుతుంది. రూపాయల్లో ధర, వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. సర్వర్ అమ్మేవాళ్లలో కొందరు ధరే రాయరు, సేల్స్ వాళ్లతో మాట్లాడమంటారు. ధర రాయనివాడి దగ్గర చిన్న ఊరి చిన్న కస్టమర్ బేరం ఏం చేయగలడు? ఆ పేరును నేను పట్టీలోంచి కొట్టేయిస్తాను.

8. కదలగలిగేలా రాయండి

కంపెనీ సొంత ట్యాగులు, సొంత క్లాసులు ఎంత సులువుగా ఉన్నా అవసరం లేనిదే వాడకండి. వాడక తప్పకపోతే వాటిని ఒక్క ఫైల్లో పెట్టి మిగతా కోడ్ అంతా ఆ ఫైల్‌నే పిలిచేలా చూడండి. ప్రామాణిక సర్వ్‌లెట్ పద్ధతిలో రాసిన వార్ ఫైల్ ఇవాళ టామ్‌క్యాట్ మీద, రేపు జెట్టీ అనే ఇంకో సర్వర్ మీద పెద్ద మార్పు లేకుండా లేస్తుంది. నెలకోసారి రెండో సర్వర్ మీద ఎక్కించి చూడడం అలవాటు చేసుకోండి. దీనికీ ఒక మెలిక ఉంది. ఈ సర్వ్‌లెట్ పద్ధతి ఉండే జావా ఈఈ ప్రమాణం ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు వెళ్లాక, జావాఎక్స్ అన్న పేరుతో ఉన్న ప్యాకేజీలను మార్చి వాడుకోవడానికి ఆరకిల్‌తో ఒప్పందం కుదరలేదు. 2020లో జకార్తా ఈఈ 9తో ప్యాకేజీల పేర్లన్నీ జకార్తాగా మారాయి. టామ్‌క్యాట్ 9 పాత పేర్లతో, 10 కొత్త పేర్లతో. వెర్షన్ చూడకుండా ఎక్కిస్తే మొదటి పేజీ కూడా తెరుచుకోదు. ఒక హక్కు కాగితం వల్ల కొత్త వెర్షన్‌కు వెళ్లే జావా వెబ్ ప్రోగ్రాములన్నీ ఇంపోర్టు వరసలు మార్చుకోవాల్సి వచ్చింది.

9. కస్టమర్ ఫైల్లో ఉండాల్సినవి

పని అప్పగించే రోజున ఒక ప్లాస్టిక్ ఫైల్ ఇవ్వండి. సర్వర్ పేరు, వెర్షన్, ఎడిషన్. దేన్ని లెక్కపెట్టి డబ్బు కట్టారు: సాకెట్లా, కోర్లా, వాడేవాళ్లా, మొత్తం ఉద్యోగులా. మిషన్ మారిస్తే ఆ లెక్క మారుతుందా. రెన్యువల్ తేదీ ఏది, కట్టకపోతే ప్రోగ్రాము ఆగుతుందా, లేక అప్‌డేట్లు మాత్రమే ఆగుతాయా. లైసెన్సు ఎవరి పేరున ఉంది: మీ పేరునా, ఓనర్ పేరునా. చివరిదాని మీద ఎక్కువ పట్టుబట్టండి. మీకు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాక, కొత్తగా వచ్చిన కుర్రాడు ఆ ఫైల్ తెరిచి, ఎవరికీ ఫోన్ చేయకుండా రెన్యువల్ చేయగలగాలి, లేదా ఆ సర్వర్ తీసేసి ఇంకోటి పెట్టగలగాలి. కొటేషన్ పంపే ముందు నాకు చూపించాలనుకునేవాళ్లు సాయంత్రం ఆరు దాటాక రండి, సెకండ్ షిఫ్టు బస్సుల రద్దీ తగ్గాక చౌరస్తాలో బండి పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. రేటు కాగితం మొత్తం తెండి, కింద చిన్న అక్షరాల పేజీలతో సహా.